మూర్ఛరోగుల సహాయనిధి – మన కర్తవ్యము

(బెల్లంపల్లి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఏటేట నీ సభయందు విద్యార్థుల వేతనములకును, వసతిగృహమునకును మేము చందాలు కోరుచున్నాము. మీరును ఉదారముగా నొసగుచున్నారు. ఈ యేడు మఱియొక కార్యమునకై చేయి చాచుచున్నాము. మన యిండ్లలోనే యుండియు మన నోట వెలువడని వ్యాధిని గూర్చి నేడు చెప్పదలచితిమి. ఆయుర్వేదము అపస్మారమనియు, జనులు మూర్ఛ యనియు, ఫిట్స్ అనియు పిలుచు వ్యాధి యది.

ఇది గాలి సోకుట కాదు, పూర్వజన్మ పాపము కాదు, అంటువ్యాధియు కాదు. మెదడునందలి విద్యుత్ప్రసారము ఒక్కపెట్టున నదుపు తప్పుటచే మూర్ఛ వచ్చును. జర్మను వైద్యుడగు హాన్స్ బెర్గర్ 1924లోనే మానవుని మెదడునందలి విద్యుత్తరంగములను యంత్రముతో గుర్తించెను. తలకు తగిలిన గాయము, మెదడువాపు, కాన్పునాటి కష్టము, మలినాహారముతో కడుపున చేరు బద్దెపురుగు గ్రుడ్లు – ఇట్టివి దీనికి కారణములు. పలువురియందు కారణమే కానరాదు.

ప్రపంచమున సుమారు 5 కోట్లమంది కీ వ్యాధి కలదు. తగిన చికిత్స లభించినచో నూటికి 70 మంది వఱకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 1912 నుండి వాడుకలోనున్న ఫినోబార్బిటాల్ అను మందు నేటికిని చౌకయే. మందున్నది, వెల స్వల్పము. మఱి మనవా రేల బాధపడుచున్నారు?

ఈ మందు ఒకనాడు మ్రింగి మానునది కాదు. ఏండ్లతరబడి దినమును తప్పక వాడవలెను. వైద్యుడు చెప్పకుండ హఠాత్తుగా మానినచో మూర్ఛ మునుపటికంటె తీవ్రముగా తిరుగబడవచ్చును. మన బెల్లంపల్లి 1927 ప్రాంతమున బొగ్గుగనులతో పెరిగిన యూరు. సింగరేణి ఉద్యోగమున్న కుటుంబమునకు కంపెనీ వైద్యశాల దిక్కు కలదు. కూలినాలి చేసికొనువానికి అట్టి దిక్కు లేదు. అదియునుగాక మూర్ఛ కలవాడు గనిలోనికి దిగరాదు, నిచ్చెన యెక్కరాదు, బండి నడుపరాదు. ఖర్చు మొదలైననాడే సంపాదన తగ్గును.

మేమెఱిగిన యొక యింట కన్యకు సంబంధము కుదిరెను. మందుబిళ్లలు అత్తవారి కంటబడునేమో యని తల్లిదండ్రులు వానిని మాన్పించిరి. పెండ్లియైన నాలుగవనాడు ఆ బాల పొయ్యియొద్ద పడిపోయెను, చేయి కాలెను. ఆ గాయమునకు రోగమొకటే కారణమా? మన భయమును కారణము కాదా? 1976 నాటి సవరణచే హిందూ వివాహ చట్టమున మూర్ఛ పెండ్లికి ఆటంకముగా చేరెను. 1999లో ఆ మాటను తొలగించిరి. చట్టము విడిచినదానిని మనము విడువకున్నాము. ఇరుపక్షములవారును సత్యము చెప్పుకొని, వైద్యుని యడిగి, ముహూర్తము పెట్టుకొనుట మేలు.

కావున మేము కోరు నిధి మూడు నియమములపై నిలువవలెను. మొదటిది: చందా నెలనెల రావలెను. ఒకనాడు వేలు కురిపించి మఱచుటకంటె నెలకు 50 రూపాయలు తప్పక యిచ్చుట మేలు; మందు ఆగరాదుగదా! పెండ్లిండ్లలో వచ్చు చదివింపులనుండి కొంత యీ నిధికి తీసిపెట్టిన నింకను శుభము. రెండవది: దాతల పేరులు ఈ సంచికయందు అచ్చగుగాక, పుచ్చుకొనువారి పేరులు కోశాధికారికిని వైద్యునికిని తప్ప మూడవవానికి తెలియరాదు. గుట్టు లేనిదే రోగి మన గడప త్రొక్కడు. మూడవది: ఆఱునెలల కొకసారి జమాఖర్చులు సభలో చదువవలెను.

సర్కారు వైద్యశాలలో మందు దొరకనినాడు కొనిపెట్టుటకును, హైదరాబాదునందలి నరముల వైద్యుని చూచుటకు రైలుఖర్చులకును, పని పోయినవానికి కుట్టుమిషనో చిన్నదుకాణమో పెట్టించుటకును ఈ ధనము వినియోగపడును. అడుగవచ్చినవా డితర కులజుడైనను త్రోసిపుచ్చరాదని మా మనవి. రోగమునకు కులము లేదు.

ధనమీయలేనివారు ఈ చిన్నవిద్యనైన నేర్చుకొనుడు. మూర్ఛ వచ్చినవానిని ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. చేతిలో తాళపుచెవులు పెట్టకుడు. నోట నేమియు పెట్టకుడు. కాలుసేతు లదిమి పట్టకుడు. అయిదు నిమిషములు దాటినచో వైద్యశాలకు చేర్చుడు. తెలివి వచ్చినపిమ్మట చుట్టును మూగక, ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పుడు.

ఆ ధైర్యమే మన తొలి చందా. రెండవ చందా నీ సభ ముగియకమున్నే మీ చేతిమీదుగా వ్రాయించుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.