పుట్టకమునుపు సోకు పొగ



ప్రహ్లాదుడు తల్లిగర్భమున నుండియే నారదుని యుపదేశము వినెనని పురాణములలో వినియున్నాము. తల్లి పీల్చిన పొగలోని విషమును మాయను దాటి బిడ్డను చేరునని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయమువారు నెలలు నిండుచున్న గర్భిణులచే గాలిని కొలుచు యంత్రముగల సంచిని రెండుదినములు మోయించిరి. చమురు, బొగ్గు, కట్టె సరిగా కాలనప్పుడు పుట్టు విషములను లెక్కించిరి. బిడ్డలకు అయిదేండ్లు వచ్చినపిమ్మట బుద్ధిపరీక్ష జరుపగా, ఆ విషము లెక్కువగా సోకినవారికి సుమారు 4 అంకములు తక్కువ వచ్చినవని 2009లో ప్రకటించిరి. నాలుగే గదా యందురేమో! ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండిన నేను అట్లనజాలను. అంచున నున్న పిల్లవానికి ఆ నాలుగే చదువు నిలుచుటయో, బడి మానుటయో తేల్చును. మొద్దువని బెత్తమెత్తు ఉపాధ్యాయుడీ సంగతి యెరుగవలదా?

ఇది నుదుటివ్రాత కాదు. చీనాలో టోంగ్‌లియాంగ్ అను ఊర బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమును 2004లో మూసివేసిరి. అంతకుముందు పుట్టినవారిలో పొగ యెక్కువగా సోకిన పిల్లలకు రెండవయేట ఎదుగుదల మందగించియుండెను. మూసినపిమ్మట పుట్టినవారిలో ఆ సంబంధము కానరాలేదు.

మన కట్టెలపొయ్యి పొగలోను ఆ జాతి విషములే కలవు. గ్యాసుబండ యున్న యిండ్లలోను, వెలకు వెరచి, నీళ్లు కాచుటకు పిడకలు, కంపపుల్లలు వాడువారున్నారు. కోడలు నెలతప్పిన నాటినుండి ఆ పొయ్యి నెవరూదుచున్నారో కొంచెము చూడుడు. నీళ్లకాగును పెరటిలోనికి మార్చుట ఒకపూట పని. మంట పెట్టుట మగవారికి రాని విద్యయు కాదు.