మార్కులు రాని కావలివాడు

నేటి ప్రసంగవిషయమును విని, ఈ పంతులునకు ఫుట్‌బాలుతో పనియేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేను జన్మములో బంతిని కాలితో తన్నినవాడను కాను. ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలకు మార్కులు మాత్రము వేసితిని. నేను చెప్పబోవునది బంతిని గూర్చి కంటె మార్కులను గూర్చియే యెక్కువ.

2022వ సంవత్సరమున దసరా సెలవులకు మా మనుమడు ఊరికి వచ్చెను. వచ్చినది మొదలు చేతిలోని ఫోనే వానికి లోకము. అన్నమునకు పిలిచినను పలుకడు. ఒకనాడు నేను కోపించి, "ఏమిరా ఆ దిగులు?" అని యడిగితిని. "తాతగారూ, నా డిఫెండరు నన్ను ముంచినాడు. వానిని ఉంచవలెనో తీసివేయవలెనో తోచకున్నది" అనెను. డిఫెండరనగా వీడెవనినో జీతమునకు పెట్టుకొన్నాడు కాబోలు ననుకొంటిని. తరువాత వాడు ఓపికతో నాకు చెప్పిన దిది.

ఇంగ్లండు దేశమున ప్రీమియర్ లీగ్ అను పేర 20 ఫుట్‌బాలు జట్లు ఆగస్టు మొదలు మే వరకు ఒక్కొక్కటి 38 ఆటలాడును. వాని నాధారము చేసికొని ఫాంటసీ ప్రీమియర్ లీగ్ అను ఊహాక్రీడ 2002వ సంవత్సరమునుండి నడచుచున్నది. ఇందు చేరినవాడు ఇంట కూర్చుండియే 10 కోట్ల పౌనుల కల్పితధనముతో, అచ్చట నిజముగా ఆడువారిలోనుండి 15 మందిని ఎన్నుకొనవలెను. అందు ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు అనగా కావలివాండ్రు, ఐదుగురు నడుమ ఆడువారు, ముగ్గురు ముందుండి గోలు కొట్టువారు. ఒకే జట్టునుండి ముగ్గురికి మించి తీయరాదు. వారు మైదానములో చేసిన పనికి ఇచ్చట వీనికి మార్కులు పడును. వారమున కొకనిని ఊరకే మార్చుకొనవచ్చును. అంతకు మించి మార్చిన ప్రతివానికి 4 మార్కులు కోత.

ఇది జూదము కాదా యని మీరడుగుదురు. నేనును మొదట అదియే యడిగితిని. ఈ ఆటలో చేరుటకు రుసుము లేదు, పందెము లేదు. సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటే దేశమంతటికి చట్టము చేసెను. మా వాడాడునది స్నేహితులలో పేరుకొరకు మాత్రమే యని రూఢి చేసికొన్న పిదపనే నేను కళ్లజోడు పెట్టుకొని వాని ప్రక్కన కూర్చుంటిని.

ఇక కావలివానికి మార్కులు వచ్చు తీరు వినుడు. 60 నిమిషములైన ఆడినచో 2, అంతకు తక్కువైనచో 1. వాడు 60 నిమిషములు నిండ ఆడి, ఉన్నంతసేపు తన జట్టుపై గోలు పడకున్నచో మరి 4. పడిన ప్రతి రెండు గోలులకు 1 కోత. తాను గోలు కొట్టిన 6. తానందించిన బంతిని వేరొకడు గోలు చేసినచో 3, దీనికి అసిస్టు అని పేరు. పసుపు చీటికి 1, ఎఱ్ఱ చీటికి 3 పోవును.

ఈ పట్టికను చూచినంతనే నాకొకటి తట్టినది. ఆ 4 మార్కులు ఒక్కని సంపాదన కాదు. పదునొకండ్రు కలిసి నిలుపుకొనవలసినవి. గోల్‌కీపరు చేతినుండి బంతి జారినను, ఎక్కడనో మూలనున్న నిర్దోషికి ఆ నాలుగును పోవును. తరగతిలో ఒకడు అల్లరి చేసినందుకు అందరిని బల్లయెక్కించి నిలువబెట్టు పద్ధతి యిది. నేనును యౌవనమున చేసినవాడనే కావున దాని న్యాయమెంతయో నాకు తెలియును.

మా వానిని ముంచినవాడు లివర్‌పూల్ జట్టు కుడిప్రక్క కావలి, ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్. ఆ సంవత్సరారంభమున అతని వెల 75 లక్షలు. 40 లక్షలకును కావలివాడు దొరకును. అనగా ఇతనిపై 35 లక్షలు అధికముగా పెట్టినట్లు. ఆ సొమ్ముతో ముందు వరుసలో మేలైనవానిని కొనవచ్చును. ఆ ఏడే మాంచెస్టర్ సిటీకి వచ్చి 36 గోలులు కొట్టిన ఎర్లింగ్ హాలాండ్ వెల మొదట 1 కోటి 15 లక్షలే. కనుక కావలివానికి మార్కులు వచ్చినవా యని కాదు, ఆ యెక్కువ సొమ్మునకు తగినన్ని వచ్చినవా యని అడుగవలెను.

రాలేదు. మొదటి మూడాటలలో లివర్‌పూలు రెండు సమము చేసి ఒకటి ఓడెను. మూటిలోను గోలులు పడినవి. నాలుగవ ఆటలో బోర్న్‌మత్ జట్టును 9-0తో గెలిచి, అందు ఇతడును ఒక గోలు కొట్టెను. ఆ ఒక్కదానికే 6 మార్కులు. మా వాడు పొంగిపోయెనట. అక్టోబరు 1వ తేదీన బ్రైటన్‌తో 3-3. అట్టి ఆటలో నిండుగా ఆడినవానికి, కోత పోగా మిగులునది 1.

నేను పాత లెక్కలు తీయించితిని. 2021-22లో లివర్‌పూల్ మీద 38 ఆటలకు పడినవి 26 గోలులు మాత్రమే. ఇతడు అందించిన అసిస్టులు 12. "ఇంత చదువరి ఒక్క పరీక్షలో తప్పినంతనే పేరు కొట్టివేయుదురా? ఉంచుము" అంటిని. మనుమడు నా మాట మన్నించెను. అక్టోబరు 9న ఆర్సెనల్‌తో ఆటలో అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కాలికి దెబ్బ తగిలి సగమాటకే బయటికి వచ్చెను. మా వాడు నా మొగము చూడక ఫోను చూచుకొనెను.

గాయము దైవాధీనము. అయినను నా సలహాలో లోపము లేకపోలేదు. నేను విద్యార్థి పాత మార్కులు చూచితినే కాని, బడి మారినదని చూడలేదు. ముందటి యేడు లివర్‌పూలువారు నడుమనే శత్రువును నిలుపుచుండిరి. అందుచే ఈ కుడిప్రక్కవాడు కావలి విడిచి ముందుకు పోయి బంతులందించినను చెల్లెను. ఈ యేడు నడిమివారు అలసిరి, గాయపడిరి. ఇతడు విడిచిన చోటు శత్రువులకు రాజమార్గమాయెను. ఇందు ఇతని తప్పు లేదనను, కొంత కలదు. కాని యేడు ముగియునప్పటికి ఆ జట్టుపై పడినవి 47 గోలులు. అన్నియు ఒక్క కావలి తప్పులుగా లెక్కింపవచ్చునా?

మనుమడు పట్టణమునకు పోయి, ఇతనిని తీసి మాంచెస్టర్ సిటీ కావలి జోవావ్ కాన్సెలోను తెచ్చుకొనెను. ఫోనులో నన్నడిగెను. మంచి జట్టు, మంచి పేరు, సరియే యంటిని. నవంబరు 5న ఫుల్‌హామ్‌తో ఆటలో కాన్సెలోకు ఎఱ్ఱ చీటి పడెను. ప్రపంచకప్పు విరామము తరువాత జట్టులో అతని స్థానమే నిలువలేదు. 2023 జనవరి 31న జర్మనీలోని బయర్న్ మ్యూనిక్ జట్టుకు ఎరువుగా పోయెను. సిటీవారా, ఆ యేడు లీగును గెలిచిరి! జట్టు గెలుచుచునే యుండెను, మా వాని పట్టికలో సున్నలు పడుచునే యుండెను. ముప్పదియైదేండ్లు ప్రతి ఉదయమును హాజరుపట్టీ పిలిచిన నేను, ఇతని హాజరును చూడుమని చెప్ప మరచితిని. మార్కులు తక్కువైనవాడు రేపు ఎక్కువ తెచ్చుకొనవచ్చును. మైదానములోనికే రానివానికి తక్కువయు లేదు, ఎక్కువయు లేదు.

ఇట్టి మరపు నాకు క్రొత్త కాదు. నేను ఉద్యోగమున చేరిన రెండవ యేట ఒక పిల్లవానికి లెక్కలలో వరుసగా మూడు పరీక్షలలో మార్కులు రాలేదు. ప్రగతిచీటిలో 'మందబుద్ధి' యని వ్రాసితిని. వాడు తెల్లవారుజామున పశువులను తోలి, ప్రొరుగూరినుండి నడచి వచ్చుసరికి మొదటి గంట ముగియుచుండెననియు, ఆ మొదటి గంటయే లెక్కల గంటయనియు నాకు తరువాత తెలిసినది. హాజరుపట్టీ నా బల్లమీదనే యుండెను. ఆ చీటి చూచి తండ్రి వానిని బడి మాన్పించెను. నేను వారింటికి పోయి అడిగితిని. పంపలేదు.

మరల ఆటకు వత్తము. 2023 ఏప్రిల్ 9న ఆర్సెనల్‌తోనే ఆట. ఆనాడు లివర్‌పూల్ శిక్షకుడు యుర్గెన్ క్లాప్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ నిలుచు చోటు మార్చెను. బంతి తమ వశమున నున్నపుడు కుడి అంచున గాక మైదానము నడుమకు వచ్చి నిలువుమనెను. ఆట 2-2తో ముగిసినది. ఆ రెండవ గోలునకు బంతిని అందించినవాడితడే. నేను పత్రికలో చదివి మనుమనికి ఫోను చేసితిని. "నాయనా, వాని పేరు కావలివాండ్ర పట్టికలో నున్నది కాని వాడిపుడు చేయుచున్న పని నడిమివానిది. మరల చూడుము." వాడు, "తాతగారూ, ఒకసారి ముంచినవానిని మరల తెచ్చుకొందునా?" అనెను. ఏప్రిల్ 17న లీడ్స్‌పై 6-1. ఇతనివి రెండు అసిస్టులు. నాటినుండి లివర్‌పూలు వరుసగా ఏడాటలు గెలిచినది. ఆ యేడు ఇతని అసిస్టులు 9. అందు సగమునకు మించి ఏప్రిల్ తరువాతివే. మా వాడు తెచ్చుకొనుసరికి సగము పంట ఇతరుల గాదెలలో చేరినది. అక్టోబరులో తీసివేయుట తప్పని నేననను. ఏప్రిలులో మరల చూడకుండుట మాత్రము కోపము చేసిన పని.

ఇంకొకటి చెప్పి ముగింతును. మన చెడుగుడులో కూతకు పోయి వచ్చినవాని పేరు ఊరంతయు చెప్పుకొందురు. చీలమండ పట్టి నిలిపినవాని పేరు వాని యింటివారే చెప్పుకొనవలెను. ఈ ఊహాక్రీడలోను చిరకాలము అంతే. వచ్చిన బంతిని తలతో త్రోయుట, అడ్డుపడుట, నడుమ పట్టుకొనుట, శత్రువు కాలినుండి లాగుకొనుట, వీనికి నేరుగా ఒక్క మార్కును లేదు. 2025-26 మొదలు నియమము మార్చిరి. ఇట్టి పనులు ఒక ఆటలో 10 చేసిన కావలివానికి 2 మార్కులు. జట్టు ఓడినను అవి పోవు. దీనిచే ఎవర్టన్‌కు ఆడు జేమ్స్ టార్కోవ్‌స్కీ వంటి, ముందుకు పోక గోలు ముంగిటనే బంతులను తరుముచుండు కావలివాండ్రకు కొంత విలువ కలిగినది. అందరితో కలిసి పోగొట్టుకొను నాలుగు మార్కుల ప్రక్కన, తానొక్కడే సంపాదించుకొను రెండు మార్కులు నిలిచినవి.

అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 2025లో స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్ జట్టుకు పోయెను. మా మనుమడు మొన్న మరియొక కావలివానిని గూర్చి ఫోను చేసి, నాలుగు వారములుగా మార్కులు లేవని మొరపెట్టుకొనెను. "ముందు వాడు ఎన్ని నిమిషములాడినాడో చూడుము" అంటిని. "చూచితిని తాతగారూ, అన్నియు నిండుగానే ఆడినాడు. నియమము మారినది గదా, వాడు తరిమిన బంతులు కూడ లెక్కించితిని" అని, నేనడుగకముందే వారమువారముగా ఆ అంకెలు చదువ మొదలిడెను.