తెరిచిన ప్రతి పోర్టుకూ పూచీ మనదే

 

ఈరోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు రేపు కొలువులో చేరగానే డేటాబేస్ ముందు మైఎస్‌క్యూఎల్ రౌటర్‌ను డాకర్ కంటైనర్‌లో నడపాల్సి వస్తుంది. డేటా మార్చే పనులకు 6446, చదవడానికి మాత్రమే అయితే 6447: క్లస్టర్‌తో జతపరిచినప్పుడు మామూలుగా వాడే పోర్టులివి. పని తేలికే. పొరపాటు చేయడం అంతకన్నా తేలిక.

డాకర్‌ఫైల్‌లో ఎక్స్‌పోజ్ అని రాస్తే పోర్టు తెరుచుకుందనుకుంటారు. తెరుచుకోదు. అది గుమ్మం పక్కన తగిలించిన పేరు పలక, అంతే. తలుపు తీసేది కంటైనర్‌ను నడిపేటప్పుడు ఇచ్చే పబ్లిష్ ఆప్షన్. అక్కడ 6446:6446 అని మాత్రమే ఇస్తే, డాకర్ మామూలుగా ఆ యంత్రానికున్న అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా తెరుస్తుంది. ముందు 127.0.0.1 చేర్చారా, ఆ యంత్రం వరకే. ఫైర్‌వాల్ ఉంది కదా అని ధీమా పడకండి. లినక్స్‌లో డాకర్ తన ఐపీటేబుల్స్ నియమాలు తానే రాసుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మీరు మూసిన పోర్టుకు వచ్చిన ప్యాకెట్ కూడా, మీ నియమాన్ని తాకకుండానే కంటైనర్‌లోకి వెళ్లిపోతుంది.

అసలు చాలాచోట్ల ఆ పోర్టును పబ్లిష్ చేయనక్కర్లేదు. అప్లికేషన్‌నూ రౌటర్‌నూ మీరు సృష్టించిన ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉంచితే, కంటైనర్ పేరుతోనే మాట్లాడుకుంటాయి. ఇది తెలిసీ పోర్టు తెరిచి వదిలేయడం నా దృష్టిలో క్షమించరాని బద్ధకం.

2022 మే నెలలో ఇంటర్నెట్ భద్రతా సంస్థ షాడోసర్వర్ ఫౌండేషన్ ఇంటర్నెట్‌ను గాలించినప్పుడు 36 లక్షలకు పైగా మైఎస్‌క్యూఎల్ సర్వర్లు బయటి పిలుపుకు బదులిచ్చాయి. డేటాబేస్ అంటే ఎవరివో వైద్య రికార్డులు, ఎవరిదో జీతం, ఎవరి ఇంటి చిరునామానో. ఆ మనుషులు మిమ్మల్ని ఎన్నడూ చూడరు. అయినా మీ జాగ్రత్త మీదే ఆధారపడి ఉంటారు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నడుస్తున్న కంటైనర్ల జాబితా తీయండి. పోర్టుల వరుసలో 0.0.0.0 కనబడితే, అంటే అన్ని చిరునామాల మీదా తెరిచి ఉంటే, అది ఎందుకుందో మీ పైవాళ్లను మర్యాదగా, తప్పకుండా అడగండి. సరైన కారణం ఎవరూ చెప్పలేకపోతే మూయించండి.