ఓటరు ధర్మము - అభ్యర్థి మతము



ఎన్నికలు వచ్చినప్పుడెల్ల రచ్చబండ యొద్ద మొదట వినవచ్చు ప్రశ్న, నిలబడినవాడు ఎవరివాడు అనునది. అతడు ఏమి చేసినాడను ప్రశ్న తరువాత వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. ఎవరివాడను మాటలో బంధుత్వము, కులము, మతము అన్నియు ఇమిడి యున్నవి. వీనిలో మతమును గూర్చియే ఈ యుపన్యాసము. అభ్యర్థి మతమును జూచి ఓటు వేయుటయో మానుటయో ఓటరునకు ధర్మమగునా?

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఘట్టము సర్వులకును తెలిసినదే. అర్జునుడు చూపిన విద్యలన్నియు కర్ణుడును చూపి ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడగా, కృపాచార్యుడు అతని కులగోత్రముల నడిగెను. పరీక్షకు వచ్చినది విలువిద్య, అడిగినది పుట్టుక. ఇంతవరకు అందరును చెప్పుకొందురు. ఆ వెంటనే కర్ణునకు అంగరాజ్య మిచ్చిన దుర్యోధనుని సంగతి తలచువారు తక్కువ. అర్జునునకు ప్రతిజోదు కావలెనని అతడు రాజ్యమిచ్చెను. త్రోసివేసినవాడును, చేరదీసినవాడును తమ తమ పక్షములనే తూచుకొనిరి. ఎదుట నిలిచిన మనుష్యుని తూచినవాడు లేడు. మతమును జూచి వేసిన ఓటును ఇట్టిదే. కాదనుటలోను, ఔననుటలోను దోషమొక్కటే.

ఇందుకు అమెరికా దేశ చరిత్రలో మంచి నిదర్శనమున్నది. 1928లో న్యూయార్కు గవర్నరు ఆల్ఫ్రెడ్ స్మిత్ అధ్యక్ష పదవికి పోటీచేసెను. ఆయన కేథలిక్కు. ఆయన గెలిచినచో రోములోని పోపు ఆజ్ఞలే రాజ్యమేలునని పెక్కుమంది ప్రొటెస్టెంటులు భయపడిరి. ఇతర కారణములును ఉన్నవి గాని ఆ భయము ఆయన యోటమికి తోడ్పడెను. 1960లో జాన్ కెనెడీ నిలువగా ఆ భయమే మరల తలయెత్తెను. ఆయన ఆ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన హ్యూస్టను నగరమున ప్రొటెస్టెంటు మతగురువుల సభకు స్వయముగా వెళ్లి, ప్రభుత్వ వ్యవహారములలో తన చర్చి తన తరఫున మాట్లాడదనియు, అంతరాత్మకో దేశహితమునకో భంగము కలిగించక తప్పని స్థితి వచ్చినచో పదవినే విడుతుననియు చెప్పెను. సుమారు 6 కోట్ల 88 లక్షల ఓట్లలో ఆయనకు వచ్చిన ఆధిక్యము 1 లక్షా 13 వేలు మాత్రమే. మతమును జూచి ఆయనను కాదన్నవారును పెక్కురు. మతమును జూచియే ఆయన వెంట నడచిన కేథలిక్కులును పెక్కురు.

తరువాత ఏమి జరిగెను? 1961లో కెనెడీ పాఠశాలలకు కేంద్ర ధనసహాయమును ప్రతిపాదించినప్పుడు అందు కేథలిక్కు మతపాఠశాలలకు చోటీయలేదు. కేథలిక్కు బిషప్పులే దానిని ఎదిరించిరి. మతమును జూచి భయపడినవారి లెక్కయు తప్పెను. మతమును జూచి ఆశపడినవారి లెక్కయు తప్పెను. ఆయన మాటను విని, నడతను జూచి ఓటు వేసినవారి లెక్క మాత్రమే నిలిచెను.

మన దేశమునందును ఇట్టి సందర్భము 1967లో వచ్చెను. రాష్ట్రపతి పదవికి హైదరాబాదులో జన్మించిన డాక్టరు జాకీర్ హుస్సేను, రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావు పోటీపడిరి. మొదటివారు జామియా మిలియాను ఇరువది సంవత్సరములకు పైగా నడిపి, బిహారు గవర్నరుగాను, ఉపరాష్ట్రపతిగాను పనిచేసినవారు. రెండవవారు సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల పక్షమున తీర్పు చెప్పినవారు. తూచదగిన యోగ్యతలు ఇరువురియందును అంత ఉండగా, ముస్లిమును రాష్ట్రపతిగా ఎన్నుకొనవచ్చునా యను చర్చయే పెద్దదాయెను. ఓటు వేయువారు శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును. జాకీర్ హుస్సేనుకు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ లభించెను. సుబ్బారావునకు ఓటు వేసినవారందరును మతద్వేషులని చెప్పుట అన్యాయము. అభ్యర్థి యోగ్యతను తూచి వేసిన ఓటు, ఎవరికి వేసినను, ధర్మమైన ఓటే.

చట్టమేమనుచున్నదో కూడ తెలియవలెను. 1909 సంస్కరణలలో ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గము లేర్పడెను. ఓటర్లనే మతమును బట్టి వేరుచేసిరి. స్వతంత్ర భారత రాజ్యాంగము 325వ అధికరణమున ఆ పద్ధతిని తొలగించి, ఒక నియోజకవర్గమునకు ఒక్కటే ఓటర్ల జాబితా యని శాసించినది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము మతము పేర ఓట్లడుగుట అక్రమాచరణము. అందువలన ఎన్నిక రద్దు కావచ్చును. 2017 జనవరి 2న సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో నలుగురు, అభ్యర్థి మతమే కాక ఓటరు మతము పేర అడుగుటయు నిషిద్ధమేయని చెప్పిరి. తక్కిన మువ్వురు, మతమును బట్టి జనులు పడిన కష్టములను ఎన్నికలలో చర్చించుటను నిషేధింపరాదనిరి. వారి మాటయు త్రోసివేయదగినది కాదు. మతము కారణముగా ఒక పేటకు నీళ్లు రాకున్నచో ఆ సంగతి అడుగవలసినదే. అది అన్యాయమును గూర్చిన ప్రశ్న.

మతము మనుష్యుని శీలమునకు మూలము గదా, దానిని చూడకుండుట ఎట్లని కొంద రందురు. శీలమునకు మతము మూలమే కావచ్చును. కాని చెట్టు మంచిదో కాదో ఫలము చెప్పవలెను. ఒకే దేవుని కొలుచువారిలో అప్పు తీర్చువాడును ఉన్నాడు, ఎగవేయువాడును ఉన్నాడు. మరికొందరు, తక్కువ సంఖ్యలో నున్నవారు తమవానినే కోరుకొనుట తప్పా యందురు. పలుమార్లు దెబ్బతిన్నవాడు తనవాని నీడను వెదకుట సహజము. ఆ భయమును పోగొట్టవలసిన బాధ్యత అధిక సంఖ్యాకులది. వారు న్యాయముగా నడచినప్పుడే ఇతరులకు నీడ వెదకవలసిన పని తప్పును.

కావున ప్రతి అభ్యర్థిని, ముఖ్యముగా తన మతమువానిని, ఓటరు రెండు ప్రశ్న లడుగవలెను. చేతికి వచ్చిన ప్రజాధనమునకు ఇంతవరకు లెక్క చెప్పినాడా? తనకు ఓటు వేయని పేట పనిని కూడ తన పనిగా చేయగలడా? ఈ రెంటికిని సమాధానము అతని నడతలో దొరకును. గుడిలోను, మసీదులోను, చర్చిలోను వెదకిన దొరకదు.

చట్టము అభ్యర్థి నోటిని కట్టగలదు గాని ఓటరు మనస్సును కట్టలేదు. ఓటు రహస్యము. ఎవరికి వేసితివని అడుగు హక్కు ఎవరికిని లేదు. అడుగువారు లేరు గనుకనే, ఆ తెర వెనుక ఓటరు తనకు తానే సమాధానము చెప్పుకొనవలసి యున్నది.