జంటతీగపై పలుకరింపు

విశాఖపట్నపు రేవునకు వచ్చు ఓడ డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువలో ప్రవేశించుటకు ముందు రేడియోలో రేవువారిని పిలుచును. ఆ పిలుపు చుట్టుప్రక్కల ఓడలన్నిటికిని వినబడును. కాని ఎవరి పేరు పలికిరో వారే బదులు చెప్పుదురు. తక్కినవారు విని యూరకుందురు. అందరును ఒక్కమారే మాటలాడినచో ఎవరి మాటయు ఎవరికిని తెలియదు.

కర్మాగారములలోని పరికరములు మాటలాడుకొను తీరును ఇట్టిదే. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి, 1992లో పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. అందలి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లున్నవి. తీగకు మాత్రము పేర్లు పనికిరావు, సంఖ్యలు కావలెను. 1979లో మోడికాన్ అను అమెరికా సంస్థ రూపొందించిన మోడ్‌బస్ పద్ధతిలో ఒక్కొక్క పరికరమునకు 1 మొదలు 247 వరకు ఏదో ఒక సంఖ్య నిత్తురు. అడుగనిదే ఏ పరికరమును నోరు మెదపదు. ఆర్.ఎస్. 485 అను జంటతీగను సుమారు 1200 మీటర్ల దూరము లాగి, దానికే పెక్కు పరికరములను తగిలింపవచ్చును. ఆ తీగకును కంప్యూటరునకును నడుమ అడాప్టరు అను చిన్న పెట్టె యుండును. అది తపాలా జవాను వంటిది: ఉత్తరమును అందించును, అందలి భావము దానికి పట్టదు.

ఉత్తరము వ్రాయవలసినది ప్రోగ్రాములోని ఫంక్షను. మొదట పరికరపు సంఖ్య, పిమ్మట పని సంకేతము: 3 అనిన చదివి చెప్పుమని, 6 అనిన ఈ విలువను వ్రాసికొమ్మని. తరువాత వివరములు, చివర, త్రోవలో ఏదైన చెడెనేమో కనుగొనుటకు రెండు బైట్ల సరిచూపు సంఖ్య. అంతయు ఒక్కొక్క బిట్టుగా, చీమలబారు వలె, తీగపై సాగును.

ఇంతవరకు సులభమే. బదులు రానప్పుడేమి చేయవలెనన్నదే చిక్కు. ఒక కొలిమి ఉష్ణోగ్రత నడిగితిమి, పరికరము పలుకలేదు. ఫంక్షను సున్న యని తెచ్చి యిచ్చినదనుకొనుడు. చూచువాడు కొలిమి చల్లారెనని తలచి ఇంధనము పెంచును. బదులు లేకుండుట వేరు, బదులు సున్న యగుట వేరు. విలువతోపాటు, పని నెరవేరెనా లేదా యను మాటను వేరుగా చెప్పు ఫంక్షనే నమ్మదగినది. ఎసరు చూడక పొయ్యి ఎగదోయువారిని మన ఇండ్లలో మందలింపరా?

ఇంకొకటి. క్రేనును ఒక మీటరు ముందుకు జరుగుమంటిమి. బదులు రాలేదు. మరల చెప్పవలెనా? ఆజ్ఞయే చేరలేదో, చేరి పని జరిగినాక బదులు మాత్రము త్రోవలో చెడెనో మనకు తెలియదు. మరల చెప్పినచో క్రేను రెండు మీటర్లు జరుగవచ్చును. అచ్చట మనిషి నిలిచియుండవచ్చును. అందుచేత "ఒక మీటరు జరుగుము" అని గాక "పదవ గుర్తు కడకు పొమ్ము" అని చెప్పుట మేలు. దానిని ఎన్నిసార్లు చెప్పినను ఫలిత మొక్కటే. నా మట్టుకు ఈ విద్యకంతటికిని ఇదియే ఆయువుపట్టు.

0 అను సంఖ్యతో పంపిన ఆజ్ఞ తీగపైనున్న వారందరికిని చెందును. కాని దానికి ఒక్కరును బదులు చెప్పరు. అట్టి ఆజ్ఞ యిచ్చిన పిమ్మట ఒక్కొక్క పరికరమును దాని సంఖ్యతో పలుకరించి, చెప్పినది చేసెనో లేదో అడిగి తెలిసికొనవలెను.