విమానాశ్రయము, బాటలు, భూమి విలువ

ఊరికి సమీపమున విమానాశ్రయము రాబోవుచున్నదని వార్త పుట్టినంతనే ఆ చుట్టుపట్ల భూముల ధరలకు రెక్కలు వచ్చుట మనము తరచుగా చూచుచున్న విషయమే. విమానము ఇంకను దిగలేదు. దిగుటకు వలసిన బాట కూడ పడలేదు. అయినను నిన్నటివరకు జొన్నలు పండిన చెలకలో నేడు రంగురంగుల జెండాలు పాతి, సున్నముతో గీతలు గీచి, గజము ఇంత యని బేరము చెప్పుచుందురు. ఈ ధర ఎక్కడనుండి వచ్చినది? ఇది ఎవరి చేతికి చేరుచున్నది? కొనదలచిన గృహస్థుడు దేనిని చూచి కొనవలెను? ఈ మూడు ప్రశ్నలను హైదరాబాదు నగరానుభవము ఆధారముగా విచారింతము.

భూమికి విలువ రెండు కారణములవలన కలుగును. మొదటిది సారము; రెండవది స్థానము. నల్లరేగడికిని చౌడునేలకును గల భేదము రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. స్థానమునుబట్టి కలుగు భేదమును జర్మనీ దేశపు భూస్వామియైన ఫాన్ ట్యూనెన్ 1826లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. పంటను అంగడికి చేర్చుటకగు బండికూలి ఎంత తగ్గునో, ఆ భూమికి కౌలు అంత హెచ్చునని ఆయన సిద్ధాంతము. నేటి నగరములందు బండికూలికి బదులు మనుష్యుని కాలము లెక్కకు వచ్చుచున్నది. పనికి పోవుటకు రెండు గంటలు పట్టుచోట ఇల్లు చౌక; అరగంట పట్టుచోట ప్రియము. క్రొత్త బాట పడి ఆ రెండు గంటలు అరగంటయైనచో, ఇల్లు ఉన్నచోటనే యున్నను నగరము దాని దగ్గరకు జరిగినట్లగును. పెరిగిన ధరలో అధికభాగము అట్లు మిగిలిన కాలమునకు కట్టిన వెలయే.

ఈ సూత్రమును శంషాబాదునకు అన్వయించి చూతము. హైదరాబాదు నగరమునకు చిరకాలము బేగంపేటయే విమానాశ్రయము. నగరము పెరిగి దానిని నలువైపుల చుట్టుముట్టగా విస్తరణకు తావు లేకపోయినది. అందువలన నగరమునకు దక్షిణమున సుమారు 24 కిలోమీటర్ల దూరమున, శంషాబాదువద్ద దాదాపు 5,500 ఎకరములలో క్రొత్త విమానాశ్రయమునకు 2005లో శంకుస్థాపన జరిగినది. 2008 మార్చి 23వ తేదీనుండి అచ్చట విమానములు నడచుచున్నవి. నాటినుండియే బేగంపేటలో సాధారణ ప్రయాణికుల విమానములు నిలిచిపోయినవి.

కాని 24 కిలోమీటర్లు ఇరుకైన బాటమీద పోవలసివచ్చినచో విమానాశ్రయము ఎంత గొప్పదైనను దూరపుచుట్టమే. అందుచేత దానికి తోడుగా రెండు బాటలు నిర్మించిరి. మెహిదీపట్నమునుండి ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభములపై నిర్మించిన పి. వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో ప్రారంభమైనది. నగరము చుట్టును 158 కిలోమీటర్ల మేర వలయాకారముగా వేసిన ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాదుల నడిమి భాగము అన్నిటికంటె ముందుగా, 2008లోనే వాడుకలోనికి వచ్చినది.

ఇప్పుడు ఫలితమును గమనింతము. విమానాశ్రయపు గోడ ప్రక్కనున్న భూమియే అన్నిటికంటె ప్రియమగునని ఆనాడు పలువురు తలచిరి. కాని జరిగినది వేరు. ఎత్తయిన భవనములు విశేషముగా లేచినది గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతములలో. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలో జరిపిన వేలమున ఒక ఎకరము ధర 100 కోట్ల రూపాయలు దాటినది. కోకాపేట విమానాశ్రయమునకు బాటమీద సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది!

దీనికి కారణము ఊహింప కష్టము కాదు. సామాన్య కుటుంబము విమానమెక్కునది ఏడాదికి ఒకటి రెండు మారులు. ఉద్యోగమునకు, బడికి, అంగడికి పోవునది ప్రతిదినము. ఇంటి స్థలము విలువ ప్రతిదినము నడచు బాటను అనుసరించును. పడమట సాఫ్ట్‌వేరు సంస్థలలో ఉద్యోగములు ముందే యుండినవి. వలయపు బాట ఆ ఉద్యోగములను విమానాశ్రయముతో కలిపినది. ఈ రెండును ఏకమైనచోట ధర పెరిగినది. విమానాశ్రయమునకు మిక్కిలి దగ్గరగా పెరిగినవి వేరు రకపు కట్టడములు: సరుకుల గిడ్డంగులు, హోటళ్లు, బెంగుళూరు పోవు జాతీయరహదారి వెంబడి వర్తక స్థలములు, తూర్పుగా ఆదిభట్లలో విమాన భాగములను తయారుచేయు కర్మాగారములు. ఇవియు విలువ గలవే. కాని గిడ్డంగికి పనికివచ్చు స్థలము వేరు, పిల్లలతో కాపురముండదగిన స్థలము వేరు. ఒకదాని ధరను చూపి రెండవదానిని అమ్మజూపినప్పుడు కొనువాడు జాగ్రత్త వహింపవలెను.

బాట దగ్గరనున్నంత మాత్రమున కూడ లాభము కలుగునని చెప్పరాదు. వలయపు బాటవంటి వేగమార్గమునకు ఎక్కుటకును దిగుటకును నిర్ణీతమైన కూడళ్లు మాత్రమే యుండును. కూడలి సమీపమునగల గ్రామమునకు నగరము అరగంట దూరము. రెండు కూడళ్ల నడుమ చిక్కిన గ్రామము బాటమీద పోవు వాహనముల వెలుగును చూడవలసినదే గాని దానిపై కాలు పెట్టుటకు చాలదూరము చుట్టు తిరిగి పోవలెను. కొన్నియెడల ఇల్లు ఒక ప్రక్కను, పొలము రెండవ ప్రక్కను పడి, ఎడ్లను తోలుకొనిపోవుటయే కష్టమగును. పటముమీద బాటకును ప్లాటుకును నడుమ వ్రేలెడు దూరము కనిపించినంతమాత్రమున చాలదు. కూడలి ఎచ్చటనో తెలిసికొనవలెను.

విమానాశ్రయ సామీప్యమువలన కొన్ని నిర్బంధములు కూడ ఏర్పడును. విమానముల క్షేమముకొరకు చుట్టుపట్ల కట్టడముల ఎత్తును నియంత్రించు నిబంధనలు 2015లో వెలువడినవి. వాటి ప్రకారము కొన్ని మండలములలో మేడ కట్టుటకు ముందు విమానాశ్రయాధికార సంస్థ నిరాక్షేపణ పత్రము పొందవలెను. శంషాబాదులో విమానములు పరుగెత్తు బాట తూర్పు పడమరలుగా నున్నది. కావున ఎగురునప్పుడును దిగునప్పుడును కలుగు చప్పుడు ఆ రెండు దిక్కుల గ్రామములకే హెచ్చుగా వినబడును. పగటివేళ ప్లాటు చూచివచ్చినవారు ఒక రాత్రి కూడ అచ్చట గడిపి వచ్చుట మంచిది.

నీటి సంగతి మరియొకటి. 1908లో మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట నిర్మింపబడినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు. వాటి రక్షణకై 1996లో 111వ నంబరు ప్రభుత్వోత్తర్వు ద్వారా చుట్టుపట్ల 84 గ్రామములలో కట్టడములను నియంత్రించిరి. శంషాబాదు మండల గ్రామములు కొన్ని ఇందులో చేరియున్నవి. 2022లో 69వ ఉత్తర్వుద్వారా ప్రభుత్వము ఈ నియంత్రణలను సడలింప నిశ్చయించినది. ఒక్క ఉత్తర్వుతో తగ్గిన ధర మరియొక ఉత్తర్వుతో పెరుగవచ్చును. పెరిగినది తిరిగి తగ్గవచ్చును. ఇట్టి భూమిని కొనువాడు నేలతోపాటు ఈ అనిశ్చయమును కూడ కొనుచున్నాడు.

ఇక కాలమును గూర్చి విచారింతము. భూమి ధర మూడు ఘట్టములలో పెరుగును: ప్రకటన వెలువడినపుడు, పని ఆరంభమైనపుడు, బాట వాడుకలోనికి వచ్చినపుడు. మొదటి ఘట్టమున కొనువాడు ఇంకను జరుగని దానికి ముందే మూల్యము చెల్లించుచున్నాడు. 2022 డిసెంబరులో రాయదుర్గమునుండి శంషాబాదునకు 31 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గమునకు శంకుస్థాపన జరిగినది. మరుసటి సంవత్సరము డిసెంబరులో ప్రభుత్వము మారినది. ఆ మార్గమును విడిచి, వేరు దిక్కునుండి విమానాశ్రయమునకు రైలు వేయుటకు క్రొత్త ప్రభుత్వము సంకల్పించినది. మొదటి పటమును నమ్మి కొన్నవారి లెక్క అంతటితో తారుమారైనది. విజయనగరము జిల్లా భోగాపురము విమానాశ్రయమునకు 2019 ఫిబ్రవరిలో ఒకమారు, 2023 మేలో మరియొకమారు శంకుస్థాపన జరిగినది. ఆ నడిమి నాలుగేండ్లలో అప్పు తెచ్చి కొన్నవానికి వడ్డీ నిలువలేదు. శంషాబాదులో విమానము దిగిన 2008వ సంవత్సరముననే ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించి, భూముల క్రయవిక్రయములు మందగించిన సంగతి కూడ మరువరాదు.

ఇంతవరకు కొనువాని సంగతి. అమ్మిన రైతు సంగతియేమి? రైతు ఎకరముల లెక్కన అమ్మును. పట్టణవాసి గజముల లెక్కన కొనును. ఎకరమునకు 4,840 చదరపు గజములు. బాటలకు, ఉద్యానములకు ఐదింట రెండు వంతులు పోయిననుకొందము. సుమారు 2,900 గజములు మిగులును. గజము 10,000 రూపాయల వంతున అమ్మినచో రెండుకోట్ల తొంబది లక్షలగును. రైతునకు ముట్టిన ఎకరపు ధరను దీనిప్రక్క నుంచి చూచినచో నడిమి లాభ మెంతయో తెలియును. బాటలు వేయించుటకును, అనుమతులకును వ్యాపారి ఖర్చు పెట్టిన మాట నిజమే. కాని ఆ ధరలో ముఖ్యభాగము ప్రభుత్వ ధనముతో, అనగా మన యందరి పన్నులతో వేసిన బాటవలన పుట్టినది.

ప్రభుత్వమునకు భూమి నిచ్చిన రైతు స్థితి మరియు కఠినము. శంషాబాదు భూములను సేకరించిన కాలమున 1894 నాటి చట్టమే అమలులో నుండెను. ఆ చట్టము ప్రకారము మార్కెటు విలువపై నూటికి 30 వంతులు అదనముగా ఇచ్చెడివారు. మార్కెటు విలువను రిజిస్ట్రేషను దస్తావేజులనుబట్టి కట్టుదురు. స్టాంపు ఖర్చు తగ్గించుకొనుటకై దస్తావేజులలో ధర తక్కువ వ్రాయించు అలవాటు మనలో నున్నది. ఎవరో మిగుల్చుకొన్న ఆ కొద్ది సొమ్మువలన ఊరివారందరి పరిహారము తగ్గిపోవును. 2014 జనవరినుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము పట్టణములలో రెండింతల వరకు, గ్రామములలో నాలుగింతల వరకు పరిహారమునకు అవకాశము కల్పించినది. ఆ భూమిమీద ఆధారపడిన కౌలుదారులను, కూలీలను కూడ బాధితులుగా గుర్తించినది. అయినను విమానాశ్రయము వచ్చిన తరువాత పెరుగు విలువలో వారికి భాగము లేదు.

భాగమిచ్చు పద్ధతులు లేకపోలేదు. అహమ్మదాబాదు చుట్టు 76 కిలోమీటర్ల వలయపు బాటకు కావలసిన భూమిలో చాలభాగమును నగర ప్రణాళికా పథకములద్వారా సమకూర్చిరి. అనగా ప్రతి రైతునుండియు కొంత భూమి తీసికొని, మిగిలినదానిని చక్కని హద్దులతో అతనికే తిరిగి యిచ్చిరి. బాటవలన పెరిగిన విలువ ఆ మిగిలిన భూమిలో అతనికే దక్కును. 2015లో అమరావతి భూసమీకరణము కూడ ఇట్టి యూహతో ఆరంభమైనదే. కాని 2019 తరువాత రాజధాని పనులు నిలిచిపోగా రైతులు అనేక సంవత్సరములు వేచియుండవలసివచ్చినది. లాభములో భాగమిచ్చు పథకమున నష్టములోను రైతునే భాగస్వామిగా చేయుదురు. కాబట్టి ప్రభుత్వము మారినను మాట మారదను హామీ ఇట్టి పథకములకు ప్రాణము.

కడపట గృహస్థులకు కొన్ని మాటలు. ఎంత ఆకర్షణీయమైన వెంచరైనను బయానా ఇచ్చుటకు ముందు ముప్పది సంవత్సరముల ఇన్‌కంబ్రెన్సు సర్టిఫికెటు తీసి చూడవలెను. లేఅవుటుకు అనుమతి కలదా, 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము క్రింద రెరాలో నమోదైనదా యని విచారింపవలెను. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూములను అమ్మరాదని 1977 చట్టము నిషేధించినది. అట్టిదానిని కొన్నచో సొమ్ము పోవును, నేల నిలువదు. వానకాలమున ఒకమారు పోయి నీరు ఎటు పారుచున్నదో చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, విమానాశ్రయము ఎంత దూరమని అడుగుటకు ముందు పని, బడి, వైద్యశాల ఎంతసేపటి బాట యని అడుగవలెను.

అమ్మదలచిన రైతు కుటుంబములు కూడ తొందరపడరాదు. ఉన్నదంతయు ఒక్కసారిగా అమ్మక, కూడలి దగ్గరి భాగమును కొంతయైన నిలుపుకొన్నవారికి తరువాత పెరుగు విలువలో పాలు దక్కును. దస్తావేజులో నిజమైన ధరనే వ్రాయించుట వారికిని, పొరుగువారికిని క్షేమము. విమానాశ్రయములు, రహదారులు దేశమునకు అవసరమే. వాటికి నేల నిచ్చినవారి పిల్లలు ఆ నేలమీదనే కావలివారుగా, కూలీలుగా మిగిలిపోకుండ చూచుట వాటిని నిర్మించువారి బాధ్యత. ఆ బాధ్యతను అడిగి నెరవేర్పించుకొనుట మనందరి బాధ్యత.