దేవాలయ శిల్పములు – దర్శనము, సంరక్షణము



పిఠాపురమునకు వచ్చు యాత్రికులలో నెక్కువమంది పాదగయకై వత్తురు. పుష్కరిణిలో స్నానమాడి, పితరులకు పిండములిడి, కుక్కుటేశ్వరుని, పురుహూతికాదేవిని దర్శించి, ఏకశిలా నందికి మ్రొక్కి మరల బండి యెక్కుదురు. శ్రీపాద శ్రీవల్లభుల జన్మస్థానమని మహారాష్ట్ర కర్ణాటక దేశములనుండి వచ్చువారు మరికొందరు. కుంతీమాధవస్వామి యాలయమున శాసనస్తంభ మొకటి కలదని విని, దానికొరకై వచ్చువారిని మాత్రము వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

ఆ స్తంభముమీద శాలివాహన శకము 1108, అనగా క్రీ. శ. 1186 నాటి శాసనమున్నది. అది వెలనాటి పృథ్వీశ్వరుని కాలపుది. ఆతని తల్లి జాయాంబిక నవఖండవాడ యను గ్రామమును స్వామికి సమర్పించినట్లు దానివలన తెలియుచున్నది. పిఠాపురము ప్రక్కన నవఖండ్రవాడ యను నూరు నేటికిని గలదు. ఆ యూరి రైతు తన గ్రామనామమును ఎనిమిది వందల యేండ్లకు వెనుకటి రాతిలో చూచుకొనగలడు. ఇట్టి భాగ్యము ఎన్ని గ్రామములకు గలదు? సముద్రగుప్తుని ప్రయాగ స్తంభము నిలిచినందుననే పిష్టపురమున మహేంద్రు డను రాజుండెనని మనకు తెలిసినది. రాయి పోయిన యెడల ఊరి జ్ఞాపకము గూడ పోవును.

రాయి యెట్లు పోవును? శత్రువులు విరుగగొట్టిన కథలు మనకందరకును తెలియును. భక్తులచేత పాడగుట మాత్రము కంటికి కనబడదు. కర్పూరపు మసి, దీపపు జిడ్డు, కుంకుమ, దుమ్ము కలిసి బొమ్మ ముఖముమీద పొరలుగా పేరుకొనును. పండుగకు పండుగకు వేయు సున్నము అక్షరముల లోతును పూడ్చును. తరువాత ఆ సున్నమును వదలించుటకై యంత్రముతో ఇసుకను విసరించిన, సున్నముతోపాటు రాతి పైచర్మము కూడ లేచిపోవును. మన డెల్టాలో మరియొక యాపద గలదు. ఇచ్చట నేలలో నీరు పైపైననే యుండును. నేలంతయు సిమెంటుచేసి బిగించినచో ఆ చెమ్మ ప్రక్కలకు పోలేక స్తంభములలోనికి ఎగబ్రాకును. దానితో వచ్చిన లవణములు రాతిని పెచ్చులు పెచ్చులుగా ఊడ్చును. పైన రంగు పూసిన మరింత చేటు, చెమ్మ వెలికి రాలేదు గనుక.

అయిన తలుపులు మూసివేయుదమా? మూయరాదనియే నా యభిప్రాయము. జనులు పోవుట మానిన గుళ్లను నేను చూచితిని. గోడ పగుళ్లలో రావి మొలచును, గర్భాలయమున గబ్బిలములు చేరును, పది వానలకు కప్పు కూలును. దీపము పెట్టువారుండినంత కాలమే గుడి నిలుచును. ఆ దీపమే బొమ్మను నల్లబరచును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఈ చిక్కు మనకు మాత్రమే కాదు. ఫ్రాన్సు దేశమున లాస్కో యను గుహలో వేలకొలది యేండ్లనాటి వర్ణచిత్రములు 1940లో బయల్పడినవి. 1948లో ద్వారములు తెరచిరి. జనులు తండోపతండములుగా వచ్చిరి. వారి యూపిరి చెమ్మకే గోడలమీద పచ్చని పాచి పట్టినది. 1963లో గుహను మూసి, 1983లో చేరువనే సరిగా అట్టిదే మరియొక గుహను నిర్మించి, యాత్రికులను దానిలోనికి పంపనారంభించిరి. మన అజంతాలోనో, 1819లో వచ్చిన స్మిత్తను ఆంగ్ల సైనికోద్యోగి చిత్రములమీదనే తన పేరు గీసిపోయెను. తరువాత నిజాము ప్రభుత్వమువారు ఇటలీనుండి నిపుణులను రప్పించి పెచ్చులూడు చిత్రములను నిలువబెట్టించిరి గాని, వారు పూసిన లక్క వార్నిషు కాలక్రమమున రంగు మారి చిత్రములను కప్పినది. నిపుణుల చేయియే అట్లు చేసినపుడు మన సున్నపు కుంచె మాట చెప్పవలెనా?

లాస్కోవారి యుపాయము క్రొత్తది కాదు. మన పెద్దలు దానిని ఏనాడో యెరుగుదురు. మూలవిరాట్టు గర్భాలయము విడిచి రాడు. అందరును ఆయనను తాకరాదు. ఉత్సవమూర్తియో, వీధివీధికిని వచ్చును, ఇంటింట హారతి గైకొనును. కదలని దానికి కాపు, కదలు దానితో అందరకు దర్శనము. ఈ మర్యాదను శిల్పములకును శాసనములకును వర్తింపజేసిన నేమి? మండపపు స్తంభముమీది బొమ్మకు పూయు కుంకుమను దాని క్రింద నుంచిన పీటమీద నుంచవచ్చును. దీపమును అక్షరములకు మూరెడు దూరమున నిలుపవచ్చును. వీనికి శాస్త్రవిరోధ మేమియు నాకు కనబడదు. పురోహితుల నడిగి చూడుడు. జీర్ణోద్ధరణమునకు పూనుకొనునపుడు మాత్రము, పనివాండ్రను పిలుచుటకు ముందు పురావస్తుశాఖవారికి ఒక యుత్తరము వ్రాయుడు.

శాసనమునకు ఉత్సవమూర్తి కాగితమే. తడి కాగితమును అక్షరములలోనికి కుంచెతో మెత్తగా అదిమి, ఆరుచుండగా సిరా యద్దిన మెత్తతో పైపైన తట్టినచో, అక్షరములు తెల్లగను మిగిలినది నల్లగను వచ్చును. పిఠాపుర ప్రభువుల పోషణమున వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పాటుపడిన జయంతి రామయ్య పంతులుగారే, ఇట్టి ప్రతులనుండి తెలుగు శాసనముల సంపుటమును కూర్చిరి. వారు గతించిన పిమ్మట అది 1948లో వెలువడినది.

నేనెరిగిన యొక గ్రామమున, పేరు చెప్పను, శివాలయపు ద్వారబంధముమీద పదునేడు పంక్తుల శాసనముండెడిది. పడుచుతనమున నేను దానిని చూచితిని. సగము చదివి, మిగిలినది మరల వచ్చి చదువుదము లెమ్మని తిరిగి వచ్చితిని. మరల పోవునప్పటికి ఆలయము క్రొత్తదై మెరయుచుండెను. ద్వారబంధమును ఉలితో చదును చేయించి పలకలు తాపించిరి. "గరుకుగా నుండెనండీ, శుభ్రము చేయించితిమి" అని ధర్మకర్తగారు సంతోషముతో చెప్పిరి. ఆయన చందాలకై మూడేండ్లు ఊరూర తిరిగిన మనిషి. ఆయన నేమనగలను? సగమే చదివి వచ్చిన తప్పు నాది గూడ.

అప్పుడు ఆ యూరి వృద్ధ కరణముగారు నన్ను తమ యింటికి తీసికొనిపోయి, భోషాణములో దస్త్రముల యడుగునుండి మడతలు చిరిగిన కాగితమును తీసిరి. వారి తండ్రిగారు ఎప్పుడో అద్దించిన ప్రతి అది. పదునాలుగు పంక్తులు నిలిచియున్నవి. చివరి మూడింటిని చెదలు తినినవి. నేడది అద్దములో బిగింపబడి ఆలయ మండపమున వ్రేలాడుచున్నది. మొన్న నేను పోయినపుడు ఒక ముసలమ్మ దాని యద్దమునకు బొట్టు పెట్టుచుండెను. నేను వలదనలేదు.